హెగ్రా సమాధిని పైనుంచి చదవాలి

చిరంజీవి రవికి,

పెదనాన్న ఆశీస్సులు. సౌదీ అరేబియాలోని అల్ ఉలాకు ప్రయాణం ఖాయమైందని తెలిసి చాలా సంతోషించాను. అక్కడి హెగ్రాలో నబాతీయులు అనే ప్రాచీన అరబ్బు జాతివాళ్లు కొండ తొలిచి చేసిన పెద్ద సమాధులు 111 ఉన్నాయి, వాటిలో 94 చెక్కడాలున్నవి. గైడ్ వెంట, బస్సు వేళలను బట్టి తిరగాలి కాబట్టి అన్నీ చూడాలని పరుగెత్తకు. నాలుగైదు ఎంచుకుని, ఒక్కోదాన్ని పైనుంచి కిందికి చదువు.

పనివాళ్లు చెక్కింది కూడా ఆ వరసలోనే. కొండకు పైన అంచు తొలిచి, దానిమీద నిలబడి, కాళ్ల కింది రాయిని తీసేస్తూ దిగారు. కస్ర్ అల్ ఫరీద్ అనే సమాధి దగ్గర ఇది కళ్లారా కనబడుతుంది. పైభాగం నున్నగా తేలింది, అడుగు మొరటుగానే మిగిలిపోయింది, ఎందుకంటే పని మధ్యలో ఆగింది. ఏటవాలుగా పడిన ఉలి గాట్లను కూడా చూడు.

అన్నిటికన్నా పైన ఎదురెదురుగా ఎక్కే రెండు మెట్ల వరసలు, సాధారణంగా ఐదేసి మెట్లు. వాటి కింద లోపలికి వంపు తిరిగిన కపోతం, అంటే చూరులాంటి అంచు, అది ఈజిప్టు వాళ్ల అలవాటు. ఆ కింద గోడకు అతికినట్టుండే స్తంభాలు. వాటి బోదెల, అంటే స్తంభాల తలల, మూలలు కొమ్ముల్లా బయటికి పొడుచుకొస్తాయి, ఆకులూ పూలూ ఉండవు. అది నబాతీయుల సొంతం. గుమ్మం మాత్రం గ్రీకు పద్ధతిలో ఉంటుంది: ముక్కోణపు నెత్తి, పూల బిళ్లలు, కలశాలు, డేగ. పెద్ద మెట్లకు బదులు చిన్న మెట్ల ఆకారాలు పళ్లలా వరసగా ఉన్న సాదా సమాధి పాతది, హంగులున్నది కొత్తది అని రాసేయకు. చాలామంది పొరబడేది ఇక్కడే. తేదీలున్న సమాధులను పోల్చితే రెండు రకాలూ ఒకే కాలంలో చేశారని తేలుతుంది. తేడా చాలావరకు యజమాని స్తోమతలోనే.

శాసనం ఎక్కువగా గుమ్మం పైన పలకలో ఉంటుంది. తేదీలున్నవి క్రీ.పూ. 1 నుంచి క్రీ.శ. 75 లోపువి. వాటిని స్తుతి రాతలనుకోకు, అవి ఆస్తి పత్రాలు. ఎవరు చేయించారు, ఎవరెవరిని పాతిపెట్టవచ్చు, అమ్మినా తాకట్టు పెట్టినా జరిమానా ఎంత, అన్నీ ఉంటాయి. మన దానశాసనాల చివర శాపోక్తి ఉన్నట్టే ఇక్కడా శాపం ఉంటుంది, దానితోపాటు వెండి లెక్కా ఉంటుంది. వాయిలత్ కూతురు కమ్‌కమ్, ఆమె కూతురు కులైబత్ చేయించిన సమాధి శాసనం తప్పక చూడు. మాట తప్పినవాడు పూజారికి వెయ్యి సెలాలు, అంటే వెండి నాణేలు, కట్టాలని అందులో ఉంది. ఆడవాళ్ల పేరిట ఆస్తి ఉండేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి!

లిపి కుడినుంచి ఎడమకు సాగుతుంది. అచ్చులు చాలావరకు రాయరు. ‘ద’, ‘ర’ అక్షరాలు తరచూ ఒకేలా ఉంటాయి, కాబట్టి పేరును రెండు రకాలుగా చదివి చూడు. సంవత్సరం ఎక్కువగా మాటల్లో ఉంటుంది. నబాతీయ రాజు నాలుగో హారితత్ ఏలుబడిలో 10వ ఏడు మొదలు ఆ సంఖ్యలోంచి 9 తీసేస్తే క్రీస్తు శకం వస్తుంది. 40వ ఏడంటే 31. ఏడాది వసంతంలో మొదలయ్యేది కాబట్టి 31-32 అని రాసుకో. 9వ ఏటికి ఈ లెక్క కుదరదు, సున్నా సంవత్సరం లేదు కదా. అది క్రీ.పూ. 1లో మొదలవుతుంది.

ఫొటోలకు ఏటవాలు ఎండ కావాలి. ఎండ ఎదురుగా పడితే అక్షరాల నీడ పోయి రాత మాయమవుతుంది. మొదట గుమ్మంతో కలిపి పలకంతా తియ్యి, తర్వాత ఒక్కో పంక్తి. ఇసుకరాయి పొరలుగా రాలుతుంది నాయనా. వేలితో తడమకు, నీళ్లు చల్లకు, సుద్దతో దిద్దకు.

చివరి పంక్తిని వదిలేయకు. కొన్నిటిలో శిల్పి పేరు అక్కడే ఉంటుంది: అఫ్తహ్, అబ్దోబోదత్ లాంటివారు. ఒకే పేరున్న రెండు సమాధులు దొరికితే రెంటి బోదెలనూ గుమ్మాలనూ ఒకే దూరం నుంచి ఫొటో తీసి పంపు.

పెదనాన్న