బాంబు బొమ్మ చూసి మా అమ్మమ్మ అన్న మాట

ఫోటోలు వచ్చేశాక కూడా యుద్ధకాలం పత్రికలు ఆయుధాల ఘోరాన్ని చేత్తో గీసిన బొమ్మల్లో చూపించాయి కదా, వాటిని నమ్మొచ్చా అని అడిగారు. కొన్నిటిని నమ్మొచ్చు. గీసినవాడు ఎటువైపు నిలబడి గీశాడో ముందు చూడాలి. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, మా అమ్మమ్మ చెప్పింది.

మాది ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. మా వైపు పాతతరంలో ఎంతోమంది రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళినవాళ్ళే, రేవులో మూటలు మోయడానికో, బియ్యం మిల్లుల్లో పనికో. అమ్మమ్మ పుట్టింటివాళ్ళూ అలాగే వెళ్ళారు. తిరిగొచ్చాక పెళ్ళయింది. తాతయ్యది కిరాణా కొట్టు, పొట్లాలకి పాత కాగితాలు తూకానికి కొనేవాడు. వాటిలో యుద్ధం రోజుల ఇంగ్లీషు బొమ్మల పత్రికలు కూడా ఉండేవి. ఆ కాగితం మందంగా, నున్నగా ఉండి పొట్లానికి వంగదు, అందుకని అమ్మమ్మ ఒకటి తీసి ట్రంకు పెట్టె అడుగున పరిచింది.

నాకు పదేళ్ళప్పుడు బట్టలన్నీ తీసి ఎండలో వేస్తుంటే ఆ బొమ్మ బయటపడింది. ఆకాశం నిండా విమానాలు, రెక్కల మీద మేకులు లెక్కపెట్టుకోవచ్చు, అంత వివరంగా గీశాడు. కింద ఊరు, పొగ, చీమల్లా పరిగెడుతున్న జనం. నాకు తెగ నచ్చేసి అమ్మమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, ఆ చీమల మీద వేలు పెట్టి, "ఎవులూ పరిగెట్టనేదురా, అందరూ పైకి చూత్తా నిలబడిపోనారు" అంది.

అమ్మమ్మ చెప్తున్నది 1941 డిసెంబరు 23 సంగతి, రంగం మీద జపాన్ వాళ్ళు మొదటిసారి బాంబులు వేసిన రోజు. విమానాలు చూడ్డానికి జనం వీధుల్లోకి వచ్చేశారు. పడినవాటిలో నేల తాకగానే పగిలి ముక్కల్ని నలువైపులా అడ్డంగా విసిరే బాంబులున్నాయి, బోర్లా పడుకున్నవాళ్ళు చాలావరకు బతికారు, నిలబడ్డవాళ్ళు పోయారు. ఆ ఒక్కరోజే వెయ్యిమందికి పైగా. అమ్మమ్మ వాళ్ళ అన్నయ్య చద్దన్నం తింటూ ఎంగిలిచేత్తోనే బయటికి పరిగెత్తాడట. తర్వాత వెతికితే దొరికాడు, వేళ్ళకి మెతుకులు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఇంట్లో మిగిలినవాళ్ళు ప్రోమ్ మీదుగా టాంగప్ కొండదారి పట్టి బర్మా పడమటి తీరం అరకాన్ వైపు నడిచారు.

ఆ మెతుకులు ఏ పత్రికలో వచ్చాయి చెప్పండి? విమానంలో కూర్చున్నవాడికి కనిపించేదే ఎక్కువమంది గీశారు. విమానాలు రాకముందూ ఇంతే. 1898లో సూడాన్‌లోని ఓమ్‌దుర్మాన్ దగ్గర ఇంగ్లీషువాళ్ళ మాగ్జిమ్ మరతుపాకులు, ఫిరంగులు ఒక్క పూటలో దాదాపు పదివేలమంది సూడాన్ సైనికుల్ని చంపేశాయి, ఇంగ్లీషు వైపు పోయింది యాభైమంది లోపే. లండన్ చిత్రకారులకి మాత్రం ఆ రోజు ఈటెలు పట్టుకుని గుర్రాల మీద శత్రువు మీదికి దూకిన ఇంగ్లీషు 21వ లాన్సర్ల దళమే ముఖ్యమైపోయింది. తర్వాతి యుద్ధాల్లో ట్యాంకునీ, జలాంతర్గామినీ నిలువునా కోసి లోపల ఏముందో చూపించే బొమ్మలు పేజీలకి పేజీలు వచ్చాయి. ఇప్పటి టీవీ వాళ్ళు చేస్తున్నదీ అదే, క్షిపణి పొడవెంత, ధరెంత, ఎంత దూరం వెళ్తుంది, వెనక ఢంఢం అని మ్యూజిక్. మా వీధి పిల్లలు ఆ వీడియోలే ఫార్వర్డ్ చేసుకుంటున్నారు. వాళ్ళకి తెలుగు చదవడం రాదు, ఇక్కడ బళ్ళో తెలుగు చెప్పేవాళ్ళే కరువయ్యారు, ఇక రంగం నుంచి నడిచొచ్చినవాళ్ళ సంగతి వాళ్ళకి ఎవరు చెప్తారు? నాకు నిజంగా కడుపు మండుతుంది.

నేల మీద నిలబడి గీసినవాళ్ళూ ఉన్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో డచ్ పత్రిక 'టెలిగ్రాఫ్'కి గీసిన లూయీ రామేకర్స్‌ని చూడండి. 1914లో జర్మన్ల దాడికి బెల్జియం నుంచి దాదాపు పదిలక్షలమంది ఆయన దేశం హాలండ్‌లోకి పారిపోయి వచ్చారు. ఆయన బొమ్మల్లో భర్త పోయినవాళ్ళూ, తల్లులూ, పిల్లలూ ముందుంటారు. జర్మన్లు ఆయన తలకి వెల కట్టారని అప్పట్లో చెప్పుకున్నారంటే ఆ గీతలు ఎక్కడ తగిలాయో ఆలోచించండి. ఆయన ఒక పక్షం వాడే, బ్రిటన్ వాళ్ళు ఆ బొమ్మల్ని ప్రచారానికి బాగా వాడుకున్నారు కూడా. అయినా మేకులు లెక్కపెట్టి గీసిన విమానం కన్నా వాటినే నేను నమ్ముతాను.

ఆ సాయంత్రం బట్టలు మళ్ళీ సర్దేటప్పుడు అమ్మమ్మ ఆ కాగితాన్ని తిరగేసి పరిచింది. వెనకవైపు సబ్బు ప్రకటన ఉండేది.