ఫ్యాను వేస్తే చుట్ట పొగ పోతుందా?

"నాకు ఐదో నెల. మామగారు వసారాలో చుట్ట కాలుస్తారు, పొగంతా వంటింట్లోకి వస్తుంది. కిటికీ తీసి ఫ్యాను వేసుకుంటే చాలా?" అని అడిగారు.

చాలదండీ. ఫ్యాను ఆ పొగని పక్క గదిలోకి తోస్తుంది, అంతే. 2006లో అమెరికా సర్జన్ జనరల్, అంటే ఆ దేశ ప్రజారోగ్యానికి పెద్ద డాక్టరు, ఇచ్చిన నివేదిక కూడా ఇదే తేల్చింది. గది వేరు చేసినా, గాలి ఆడేలా చూసినా ముప్పు పూర్తిగా పోదట. కడుపుతో ఉన్నప్పుడు పీలిస్తే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉంది.

మాది కందుకూరు వైపు పల్లె. పొగాకు వేసి, ఆకుని వేడికి ఆరబెట్టే బ్యారన్‌లో కాల్చి, అమ్ముకుని బతికే ఊరు. మా చదువులు, పెళ్లిళ్లు ఆ డబ్బుతోనే అయ్యాయి. అలాంటి చోట పొగాకు చెడ్డదని ఎవరంటారు? మా నాన్నకి లేస్తూనే చుట్ట, అన్నం తినగానే చుట్ట. ముసురు పట్టిందంటే తలుపులు వేసుకుని మరీ. పీకలు ఏరి పారేసేది అమ్మ. దగ్గు కూడా అమ్మకే.

ఒంగోలులో డాక్టరుకి చూపించాం. ఆయన మొదట అడిగింది, "కట్టెల పొయ్యి మీద వండుతారా?" అని. గ్యాస్ వచ్చి చాలా ఏళ్లయిందన్నాను. "అప్పటి పొగే అయ్యుంటుంది" అని రాసుకున్నాడు. పోనీలే అన్నట్టు చివర్లో, "ఇంట్లో ఎవరైనా కాలుస్తారా?" అన్నాడు. అమ్మ వెంటనే, "లేదు సార్, ఎవరూ లేరు" అంది. పక్కనే నాన్న గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. చొక్కా జేబులో చుట్టలు బయటికి కనబడుతూనే ఉన్నాయి! నేనే చెప్పేశాను. బయటికొచ్చాక అమ్మ నా మీద విరుచుకుపడింది, పదిమందిలో ఆయన పరువు తీశానని. నాన్న మాత్రం ఎదురుగా చెట్టు కిందికి వెళ్లి ఒకటి వెలిగించుకున్నాడు.

నింద ఎప్పుడూ పొయ్యి మీదికే పోతుంది. పొయ్యికి కోపం రాదు కదా. కట్టెల పొగ మంచిదని నేననను, అదీ ఊపిరితిత్తుల్ని తినేసేదే. కానీ గ్యాస్ వచ్చాక కూడా ఆడవాళ్ల దగ్గు తగ్గని ప్రతి ఇంట్లో ఒక చుట్టో బీడీయో ఉంటుందని రాసిస్తాను. జపాన్‌లో హిరయామా అనే ఆయన 1981లోనే చూపించాడు, భర్త ఎంత ఎక్కువ కాలిస్తే పొగ తాగని భార్యకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత ఎక్కువని. మన దేశంలో 2016-17లో పొగాకు వాడకం మీద చేసిన సర్వే ప్రకారం పదిహేనేళ్లు, ఆపైన ఉన్నవాళ్లలో 38.7 శాతం మంది ఇంట్లోనే ఈ పొగ పీలుస్తున్నట్టు తేలింది. బస్టాండులో కాలిస్తే 200 రూపాయల దాకా జరిమానా. ఇంట్లో కాలిస్తే అడిగే చట్టం లేదు. సినిమాకి ముందు ప్రకటన వేస్తారు, నిజమే, మా నాన్న సినిమాకే వెళ్లడు.

మీరు మామగారితో నేరుగా అనకండి, కోడలికి నోరెక్కువంటారు. మీ ఆయన చేత చెప్పించండి, చుట్ట ఇంట్లో కాదు, గేటు బయట కాల్చుకోమని. ఆయన నోరు విప్పకపోతే ఏడో నెల దాకా ఆగకుండా పుట్టింటికి వెళ్లిపోండి. అప్పుడే ఎందుకొచ్చావని ఎవరైనా అడిగితే నీరసమనీ, అమ్మ మీద బెంగ అనీ సర్దిచెప్పకండి. చుట్ట పొగ పడక వచ్చానని చెప్పండి.