ఛాతీకి ఒకే రోజు ఇరవై సెట్లు వద్దు తమ్ముడూ

తమ్ముడూ, సోమవారం ఛాతీకి ఇరవై సెట్లు (ఆగకుండా వరుసగా ఎత్తే ఒక్కో విడత ఒక సెట్) చేస్తే గురువారం దాకా చొక్కా తొడుక్కోవడానికే నొప్పిగా ఉంటోందని, నాలుగు నెలలుగా బెంచ్ ప్రెస్ (బల్లపై వెల్లకిలా పడుకుని బరువుల బార్‌ను పైకి నెట్టడం) 50 కిలోల దగ్గరే ఆగిపోయిందని రాశావు. బరంపురంలో నేనూ రెండేళ్లు అలాగే చేశాను. నీ కష్టంలో లోపం లేదు, దాన్ని పంచిన తీరులో ఉంది.

వ్యాయామం తర్వాత కండరం కొత్త ప్రోటీన్‌ను కట్టుకునే వేగం ఒకటి రెండు రోజులు పెరిగి, మళ్లీ మామూలు స్థాయికి వస్తుంది. పైగా పన్నెండో సెట్ దాటాక మోచేతులు వణుకుతాయి, బార్ సగంలోనే ఆగిపోతుంది. ఆ సెట్లతో మిగిలేది అలసటే. వారంలో మొత్తం సెట్లు సమానమైతే వాటిని ఎన్ని రోజులకు పంచినా కండరం పెరగడంలో పెద్ద తేడా రాదని 2019లో అమెరికా వ్యాయామ పరిశోధకుడు షోన్‌ఫెల్డ్ బృందం అనేక పరిశోధనలను కలిపి చూసి తేల్చింది. అయినా పంచుకోమనే అంటాను, ఎందుకంటే అప్పుడు ప్రతి సెట్టునూ ఓపికతో చేయగలవు.

పర్లాకిమిడిలో మీ దుకాణం రాత్రి తొమ్మిదికి గాని మూయలేవన్నావు కదా. సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయమే శరీరమంతటికీ చెయ్యి: స్క్వాట్ (భుజాలపై బార్‌తో గుంజీలు), బెంచ్ ప్రెస్, రోయింగ్ (ముందుకు వంగి బార్‌ను పొట్ట వైపు లాగడం), మూడేసి సెట్లు. ఛాతీకి వారానికి తొమ్మిది అవుతాయి, మొదటి నెలకు చాలు. తర్వాత బుధవారం డంబెల్ ప్రెస్ మూడు సెట్లు కలుపు. కాళ్లను మాత్రం దయచేసి వదిలేయకు. ఇంకో రెండు సార్లు ఎత్తగలననిపించినప్పుడే సెట్ ఆపు. మూడు సెట్లలోనూ ఎనిమిదేసి సార్లు సాఫీగా వస్తే మరుసటి సారి 2.5 కిలోలు పెంచు. భుజం కీలులో గుచ్చినట్టు నొప్పి వస్తే ఆపేసి వైద్యుడికి చూపించు.