టికెట్లన్నీ ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: రాయగడలో డిగ్రీ చదువుతున్నాను. హైదరాబాదులో జరగబోయే ఒక కచేరీకి టికెట్ల అమ్మకం మొదలైన నిమిషం నుంచే ఫోను పట్టుకుని కూర్చున్నాను. వరుసలో నా ముందు లక్షమందికి పైగా ఉన్నారని చూపించింది. నా వంతు వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. సాయంత్రానికల్లా రెండు వేల రూపాయల టికెట్టును ఎవరో తొమ్మిది వేలకు అమ్మకానికి పెట్టారు. నేను అప్పటికే నాగావళి ఎక్స్‌ప్రెస్‌కు రిజర్వేషను చేయించుకున్నాను. "కొన్నవాడి సొత్తు, ఇష్టమొచ్చిన ధరకు అమ్ముకుంటాడు. అందులో తప్పేముంది?" అంటాడు మా అన్నయ్య. నాకు జరిగింది అన్యాయం కాదా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: అన్యాయమేనమ్మా. తొమ్మిది వేలు అడిగినవాడు కంటికి కనిపిస్తున్నాడు కాబట్టి కోపమంతా అతని మీదికి పోతుంది. అతనికంటే ముందు నిర్వాహకులను అడగవలసినది ఒకటుంది. ఆ ఉదయం అసలు ఎన్ని టికెట్లు అమ్మకానికి పెట్టారు? మైదానం పెద్దదని పోస్టర్ల మీద గొప్పగా వేస్తారు. స్పాన్సర్లకు ఎన్ని వెళ్లాయి, ఫలానా బ్యాంకు కార్డు ఉన్నవాళ్లకు ముందుగానే ఎన్ని అమ్మారు, పాసుల రూపంలో ఎన్ని పంచారు, మీలాంటి వాళ్లకు చివరికి ఎన్ని మిగిలాయి అన్నది మాత్రం ఎక్కడా రాయరు. ఆ లెక్క బయటపెట్టనంతకాలం వరుసలో ఎంత ఓపికగా నిలబడినా మీకు నిజంగా అవకాశం ఉందో లేదో మీకే తెలియదు. నా దృష్టిలో అసలు అన్యాయం అక్కడ మొదలవుతుంది.

ఇక మీ అన్నయ్య మాట. టికెట్టు పొలంలాగా సొంత ఆస్తి కాదు. ఫలానా రోజు ఫలానా చోటికి రానిస్తామని నిర్వాహకుడు షరతుల మీద ఇచ్చే అనుమతి. లాభానికి అమ్మరాదన్న షరతు చాలా టికెట్ల మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పైగా, తొమ్మిది వేలకు కొనేవాళ్లు కూడా ఉన్నారని తెలియక కళాకారులు రెండు వేల ధర పెట్టరు. చదువుకునే పిల్లలు కూడా రావాలని తెలిసే తక్కువ పెడతారు. అలా మీకోసం వదులుకున్న ఏడు వేలను పాట పాడనివాడు, వేదిక కట్టనివాడు జేబులో వేసుకుంటున్నాడు. అనుకోకుండా జ్వరమొచ్చి వెళ్లలేనివాడు తాను కొన్న ధరకే ఇంకొకరికి ఇస్తే అందులో తప్పు లేదు. ఆ సౌకర్యం నిర్వాహకులే కల్పించాలి కూడా.

2024 సెప్టెంబరు 22న బ్రిటన్ సంగీత బృందం కోల్డ్‌ప్లే ముంబయి కచేరీల టికెట్లు అమ్మకానికి పెట్టినప్పుడూ ఇదే జరిగింది. అసలు ధరలు 2,500 నుంచి 35,000 రూపాయల వరకు ఉంటే, కొన్ని గంటల్లోనే వేరే చోట్ల అవే టికెట్లకు లక్షలు అడిగారు. ముంబయి పోలీసులు విచారణకు దిగారు, తర్వాత ఈడీ పలు నగరాల్లో సోదాలు చేసింది. అయినా చట్టం పట్టు గట్టిగా లేదు. మీరు ఎక్కబోయే నాగావళి టికెట్టును ఎవరైనా అనుమతి లేకుండా కొని అమ్మే వ్యాపారం చేస్తే, 1989 నాటి రైల్వే చట్టం 143వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. కచేరీ టికెట్ల కోసమే చేసిన అలాంటి కేంద్ర చట్టం లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షనులో "అనధికారికంగా టికెట్లు అమ్మడం" అన్న మాట ఉంది, కానీ అది ముఠాగా చేసేవాళ్లకు వర్తించేది. ఇంట్లో కూర్చుని నాలుగు టికెట్లు కొని అమ్మేవాడు దానికి చిక్కడం కష్టం. ఐర్లండు 2021లో చట్టం చేసి, నిర్దేశించిన పెద్ద వేదికల్లో అసలు ధరకు మించి అమ్మడాన్నే నిషేధించింది. జపాన్‌లో 2019 నుంచి ఇలాంటి చట్టం అమల్లో ఉంది. మనకూ కావాలి. మీ ఎంపీకి ఉత్తరం రాయండి, నేనూ రాస్తున్నాను.

కళాకారుడు తలుచుకుంటే చట్టం లేకుండానే కొంత చేయవచ్చు. 2023లో అమెరికా పర్యటనకు ద క్యూర్ బృందం గిరాకీని బట్టి ధర పెంచే పద్ధతి వద్దంది. చట్టం ఒప్పుకున్న రాష్ట్రాల్లో టికెట్టు చేతులు మారకుండా కట్టడి చేసింది. సర్వీసు చార్జీలు టికెట్టు ధరను మించిపోతున్నాయని అభిమానులు మొరపెట్టుకుంటే, బృందం నాయకుడు రాబర్ట్ స్మిత్ టికెట్ల సంస్థను నిలదీసి అందులో కొంత డబ్బు వెనక్కి ఇప్పించాడు.

మీరు మాత్రం ఆ తొమ్మిది వేలు పెట్టకండి. రాలేనివాళ్లు అసలు ధరకు వదులుకునే టికెట్లు కచేరీకి ఒకటి రెండు రోజుల ముందు దొరికే అవకాశం ఉంటుంది. రైలు రిజర్వేషను అప్పటివరకు ఉంచండి.

ప్రశ్న: ఫోనులో పరిచయమైన వ్యక్తికి డబ్బు పంపి కచేరీ టికెట్టు తీసుకున్నాను. గేటు దగ్గర స్కాన్ చేస్తే "ఇప్పటికే వాడేశారు" అని వచ్చింది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: అదే టికెట్టు కాపీని మరికొందరికి కూడా అమ్మి ఉంటాడు. మొదట స్కాన్ అయినవాడే లోపలికి వెళ్తాడు. వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేసి, డబ్బు పంపిన లావాదేవీ నంబరు చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఖాతాలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. సంభాషణలు చెరిపేయకండి. అధికారిక వేదిక మీద కొన్న టికెట్టుతో ఇబ్బంది వస్తే అప్పుడు 1915, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం.

ప్రశ్న: మా తెలుగు సంఘం ఉగాదికి సంగీత విభావరి ఏర్పాటు చేస్తోంది. హాలులో 600 కుర్చీలున్నాయి, అడిగేవాళ్లు దాదాపు రెండు వేలమంది. ఆన్‌లైన్‌లో ముందు వచ్చినవారికి ముందు ఇచ్చేస్తే గొడవ ఉండదని కొందరంటున్నారు. మీ సలహా?
– కార్యవర్గ సభ్యుడు, జయపురం

జవాబు: ఈ ఉత్తరం చూసి చాలా సంతోషించాను, ఎందుకంటే బరంపురంలో మా సంఘం టికెట్ల పుస్తకాలు చాలాకాలం నా చేతిలోనే ఉండేవి. ముందు వచ్చినవారికి ముందు అన్నది వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ కోరాపుట్ కొండల్లో సిగ్నల్ కోసం గట్టెక్కవలసినవాడూ, జయపురం బజారులో వైఫై ఉన్నవాడూ ఒకే నిమిషంలో పోటీపడితే ఎవరు గెలుస్తారో మీకు తెలుసు. కౌంటరు పెట్టినా చిక్కే. 2025 ఫిబ్రవరిలో కటక్ బారాబటి స్టేడియంలో ఇంగ్లండుతో వన్డేకు టికెట్లమ్మిన కౌంటర్ల ముందు ఎంత తోపులాట జరిగిందో చూశాం.

లాటరీ తీయండి. వారం రోజులు పేర్లు తీసుకోండి, ఫోనులోనూ, రెండు మూడు దుకాణాల్లో కాగితం మీద కూడా. ఇంటికి ఒకే దరఖాస్తు, నాలుగుకు మించకుండా టికెట్లు. ఆదివారం సాయంత్రం అందరి ముందూ చీట్లు తీయించండి. మిగిలినవాళ్లలో మరో వందమందిని వరుసక్రమంలో నిరీక్షణ జాబితాలో పెట్టండి. టికెట్టు మీద, కౌంటర్‌ఫాయిల్ మీద పేరు రాసి సంఘం ముద్ర వేయండి. రాలేనివారు ముందురోజు రాత్రి వరకు వెనక్కిచ్చి పూర్తి డబ్బు తీసుకోవచ్చని, అది నిరీక్షణ జాబితాలో తర్వాతివారికి వెళ్తుందని గట్టిగా ప్రకటించండి. వెనక్కి తీసుకునే చోటు ఉంటే బ్లాకులో అమ్మేవాడికి సరుకు దొరకదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందు వరుసలు. మా హాలులో మొదటి మూడు వరుసల కుర్చీలకు "రిజర్వుడు" అని కాగితాలు అంటించి ఉండేవి. మూడో పాట అవుతున్నా ఆ కుర్చీల్లో మనిషి ఉండేవాడు కాదు. వరండాలో మాత్రం ముసలివాళ్లు కిటికీ ఊచలు పట్టుకుని పాట వినేవాళ్లు. అది చూడలేక కార్యవర్గంలో పట్టుబట్టాను. కార్యక్రమం మొదలైన పావుగంటకు రాని అతిథుల కుర్చీలు బయట ఉన్నవాళ్లకు ఇచ్చేయాలని తీర్మానం రాయించాను. మొదట్లో పెద్దమనుషులు కొందరు నొచ్చుకున్నారు. తర్వాత వాళ్లే వేళకు రావడం మొదలుపెట్టారు.

డబ్బు చాలదన్న భయం ఉంటే ముందు వరుసల్లో ముప్ఫై కుర్చీలను పోషకుల సీట్లని చెప్పి, మూడు వేలకైనా బాహాటంగా అమ్మండి. ఎక్కువ ధర దానంతటది తప్పు కాదు. ఆ డబ్బు కచేరీ ఖర్చుకు వెళ్తుంది, దాంతో వెనక వరుసల టికెట్టు వంద రూపాయలకే ఇవ్వగలుగుతారు. అమ్మకం మొదలుకాకముందే అతిథులకు ఎన్ని, సభ్యులకు ఎన్ని, పోషకులకు ఎన్ని, లాటరీకి ఎన్ని అన్నది పెద్ద అక్షరాలతో రాసి సంఘం బోర్డు మీద అంటించండి. అంటించిన రోజున దాని ఫొటో నాకు పంపండి. మిగతా ఊళ్ల సంఘాలవాళ్లూ చూసుకునేలా ఈ పేజీలోనే వేస్తాను.