పాత బీటిల్ కొనే ముందు వెనక సీటు లేపి చూడు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఒహాయో వచ్చి ఏడాది దాటింది. 1972 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఒకటి ఎనిమిది వేల డాలర్లకు అమ్మకానికి ఉంది. రంగు కొత్తగా ఉంది, తాళం తిప్పగానే స్టార్టవుతోంది. కొని, శని, ఆదివారాల్లో నేనే బాగు చేసుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, రంగు సంగతి రాశావు, ఇంజన్ సంగతి రాశావు. కింద ఫ్లోర్ ఎట్లా ఉందో ఒక్క ముక్క రాయలేదు. కొత్తగా వచ్చినవాళ్లంతా ఇంతే, నేనూ ఇంతే. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఇక్కడ జీతం పడటం మొదలవగానే ఎర్ర బీటిల్ ఒకటి కంటపడింది. సగం చేతి డబ్బు, సగం క్రెడిట్ కార్డు పెట్టి కొనేశాను. అమ్మినాయన కార్పెట్ కూడా కొత్తది వేశాడు. ఎందుకు వేశాడో మొదటి వానకు తెలిసింది. కాళ్ల కింద తడి. కార్పెట్ ఎత్తితే రేకు ముక్కలు, వాటి మీద మందంగా తారు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రోడ్డు కనిపించింది.

షాపువాడు చెప్పిన ఎస్టిమేటు కారు ధరను దాటింది. అక్కడ ఆగాల్సింది. మా నాయన ఇంకో యాభై అడుగులు దింపితే నీళ్లు పడతాయని బోరు మీద బోరు వేయించినట్టు, ఇంకో వెయ్యి పెడితే అయిపోతుందని పెడుతూ పోయాను. ఆ ఏడు ఇంటికి పైసలు సరిగా పంపలేదు. కంపెనీలో జీతాలు లేటని అమ్మకు అబద్ధం చెప్పాను. కార్డు వడ్డీ మాత్రం ఒక్క నెల కూడా లేటవ్వలేదు.

అందుకే చెప్తున్నా, బీటిల్‌ను ఇంజన్ చూసి కొనకు, రేకు చూసి కొను. ఇంజన్ పోతే చౌకలో బయటపడతావు. 2003లో మెక్సికోలో ఆఖరి బండి బయటికొచ్చేదాకా రెండు కోట్లకు పైగా తయారయ్యాయి, సామానుకు కొదవ లేదు. తుప్పు పడితే మాత్రం కూలి ఖర్చుకు అంతుండదు. ఒహాయోలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు ఈ కార్లను కింది నుంచి తినేస్తుంది. తలుపుల కింద రెండు పక్కలా పొడుగ్గా గొట్టాల్లాంటివి ఉంటాయి, హీటర్ చానెల్స్ అంటారు. ఇంజన్ దగ్గరి వేడి గాలి వాటిలోంచే లోపలికి వస్తుంది, బాడీకి బలం కూడా అవే. అవి కుళ్లితే వదిలెయ్. వెనక సీటు లేపు. కుడి పక్కన బ్యాటరీ ఉంటుంది, దాని కింద రేకును యాసిడ్ తిని ఉంటుంది. మధ్యలో టన్నెల్, అంటే ఫ్లోర్ నడుమ పొడుగ్గా ఉబ్బి ఉండే భాగం మీద చాసిస్ నంబర్ గుద్ది ఉంటుంది. అదీ, టైటిల్‌లో, అంటే బండి ఎవరిదో చెప్పే కాగితంలో ఉన్న నంబరూ ఒకటే కావాలి. ఒక్క అంకె తేడా ఉన్నా బేరం ఆపేయ్.

ఇక ఇంజన్. దీనికి రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. గాలి కొట్టే ఫ్యాన్, జనరేటర్ రెండూ ఒకే బెల్టుతో తిరుగుతాయి. హైవే మీద నాకు డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగింది. ఛార్జింగ్ పోయి ఉంటుంది, బ్యాటరీ ఉందిగా, తర్వాతి ఎగ్జిట్ దాకా పోదామనుకున్నాను. తెగింది బెల్టు. ఫ్యాన్ ఆగింది. ఎగ్జిట్ చేరేసరికి ఇంజన్ బిగుసుకుపోయింది. ఆ లైటు వెలిగితే ఎక్కడున్నా పక్కకు తీసి ఆపెయ్, డిక్కీలో స్పేర్ బెల్టు పెట్టుకో. ఈ కారుకు ఇంజన్ వెనక, డిక్కీ ముందుంటాయని నీకు తెలిసే ఉంటుందిలే.

ఇంకో షాపుకు ఇచ్చే పైసలు లేక ఆ ఇంజన్ నేనే దించాను. నాలుగే బోల్టులు. కింద ట్రాలీ జాకీ పెట్టి, వైర్లు, కేబుల్స్, పెట్రోల్ పైపు విప్పి వెనక్కి లాగితే బయటికొస్తుంది. ఇప్పుడు వాల్వు గ్యాప్ నేనే పెడతాను: ఇంజన్ పూర్తిగా చల్లారాక 0.15 మిల్లీమీటర్లు, ప్రతి మూడు వేల మైళ్లకు. ఆయిల్ కూడా అప్పుడే, రెండున్నర లీటర్లు. మీ బ్యాచ్ పిల్లలు దీనికి కూడా షాపుకు పోతారు, పోండి, వాళ్లూ బతకాలి కదా.

రెండు విషయాల్లో మాత్రం పిసినారితనం చేయకు. పెట్రోల్ పైపులు పాతవైతే అన్నీ మార్చు, కారుతున్న పెట్రోల్ వేడి ఇంజన్ మీద పడితే అంటుకుంటుంది. ఆ ఇంజన్ కేసు మెగ్నీషియం కలిసిన లోహం, అంటుకుంటే ఆర్పడం కష్టం. రెండోది, సైలెన్సర్ పక్కన హీటర్ డబ్బాలకు తుప్పు పట్టి చిల్లు పడితే కార్బన్ మోనాక్సైడ్ కారులోకొస్తుంది.

ఇన్సూరెన్స్, పాత కార్ల నంబర్ ప్లేటు, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రిపేర్లు చేయొచ్చా, బాగుచేసి లాభానికి అమ్మితే వీసాకు ఇబ్బందా, ఇవన్నీ వెతికితే దొరుకుతాయి, వీసా సంగతి లాయర్‌నే అడుగు. కారును మిర్యాలగూడకు పంపుదామన్న ఆలోచన మాత్రం ఇప్పుడే పెట్టుకోకు.

నీ దగ్గర పన్నెండు వేలుంటే ఎనిమిది వేల కారు చూడు. ఎనిమిదే ఉంటే ఐదు వేల కారు చూడు, అదీ అరిజోనా లాంటి పొడి ఊరిది, ఇంజన్ చచ్చినా రేకు గట్టిగా ఉన్నది. అప్పు చేయాల్సి వస్తే అసలు చూడటానికే పోకు. పోయేటప్పుడు టార్చి, అయస్కాంతం, మెత్తటి గుడ్డ పట్టుకుపో. గుడ్డ చుట్టి అయస్కాంతాన్ని బాడీ మీద నడిపించు, పట్టుకోని చోట రంగు కింద పుట్టీ ఉన్నట్టు. నువ్వొచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్లో చెప్పు. చేరగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడు, వెచ్చగా ఉంటే చల్లటి ఇంజన్ సరిగా స్టార్ట్ కాదన్న సంగతి దాస్తున్నట్టు, ఆ ధరలోంచి వెయ్యి తగ్గించి మాట మొదలుపెట్టు.