నెఫ్రోటిక్ బాబుకు జ్వరం, కడుపునొప్పి: కావాల్సింది ఆసుపత్రి, టానిక్ కాదు

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు, బరువు 18 కిలోలు. రెండు నెలల క్రితం ముఖం, కాళ్లు ఉబ్బితే నెఫ్రోటిక్ సిండ్రోమ్ (కిడ్నీల నుంచి మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు) అన్నారు. ఆరు వారాలు రోజూ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వేశాం. ఇప్పుడు రోజు విడిచి రోజు 25 మి.గ్రా. వేయమన్నారు. స్టెరాయిడ్ వాడితే రోగనిరోధక శక్తి పడిపోతుందని బంధువులు చెబితే నాలుగు రోజులుగా ఆపేశాం. రెండు రోజుల నుంచి కొద్దిగా జ్వరం, కడుపునొప్పి. పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బుతున్నాయి. ఇంట్లో మిగిలిన మెఫెనమిక్ యాసిడ్ సిరప్ పోస్తున్నాం. ఇమ్యూనిటీ పెరగడానికి ఏ టానిక్ మంచిది? తిప్పతీగ కషాయం ఇవ్వొచ్చా? టీకాలు వేయించవచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ఇది చదివిన వెంటనే బాబును పిల్లల డాక్టర్, ల్యాబ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. రేపటిదాకా ఆగొద్దు. బాబును చూడకుండా ఇది ఫలానా జబ్బని నేను చెప్పలేను. కానీ నెఫ్రోటిక్ ఉన్న పిల్లలకు ఉబ్బు, జ్వరం, కడుపునొప్పి కలిసి వస్తే పెరిటోనైటిస్, అంటే కడుపులో చేరిన నీటికి ఇన్‌ఫెక్షన్ సోకడం కాదని తేలేదాకా మేము నిశ్చింతగా ఉండం.

ఈ జబ్బులో మూత్రంలో పోయేది అల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్ ఒక్కటే కాదు. ఇన్‌ఫెక్షన్లతో పోరాడే యాంటీబాడీలు, వాటికి తోడుగా పనిచేసే కాంప్లిమెంట్ ప్రొటీన్లలో కొన్ని కూడా పోతాయి. అందుకే న్యుమోకాకస్, ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా ఈ పిల్లల్లో తేలిగ్గా పాగా వేస్తాయి. పైగా స్టెరాయిడ్ ప్రభావం ఉన్నప్పుడు జ్వరం, నొప్పి పైకి తక్కువగా కనిపిస్తాయి. ‘కొద్దిగా జ్వరమే కదా’ అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. వాంతులు, మగత, చేతులు కాళ్లు చల్లబడటం, ఆయాసం, మూత్రం బాగా తగ్గడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మాత్ర ఆపేయడం. బంధువుల మాటలో సగం నిజం ఉంది, స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. మిగతా సగం వాళ్లకు తెలియదు. మందు ఆపితే జబ్బు తిరగబెట్టి ప్రొటీన్ మళ్లీ పోతుంది, శక్తి ఇంకా తగ్గుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఇన్ని వారాలు స్టెరాయిడ్ వాడాక, శరీరం సొంతంగా తయారుచేసే స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్ తగ్గిపోయి ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలో మందు ఆగి, ఇన్‌ఫెక్షన్ కూడా వస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌లో మేము స్టెరాయిడ్ ఇంకా ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది, కొన్నిసార్లు ఇంజెక్షన్‌గా. అలాంటిది మీరు అడక్కుండానే ఆపేశారు! భయంతోనే చేశారని తెలుసు. కానీ ఆ భయం మందు రాసిన డాక్టర్‌కు ఒక్క ఫోన్ చేసి చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పుడు మానేసిన మాత్రలన్నీ కలిపి ఒకేసారి వేసేయకండి. ఎన్ని రోజులు ఆపారో ఆసుపత్రిలో దాచకుండా చెప్పండి, డోసు వాళ్లే నిర్ణయిస్తారు.

మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి, జ్వరం మందులు ఈ స్థితిలో కిడ్నీని దెబ్బతీయగలవు. ఆ సిరప్ ఇక పోయకండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు, అదీ బరువును బట్టి డాక్టర్ చెప్పిన మోతాదులోనే. ఊళ్లో ఎవరో ఇచ్చే జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు కిడ్నీ జబ్బు సంగతి చెప్పకుండా చేయించొద్దు. ఫైలు, మాత్రల పేర్లు వెంట తీసుకెళ్లండి. ఆసుపత్రిలో మూత్రం, రక్తం, అవసరమైతే కడుపులోని నీటి పరీక్ష చేసి యాంటీబయాటిక్ మొదలుపెడతారు.

టానిక్‌లు ఈ లోటును పూడ్చలేవు. తిప్పతీగ వద్దు. ఈ జబ్బే రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పడం వల్ల వస్తుందని భావిస్తున్నాం, దాన్ని ఇంకా ఉసిగొల్పే మందు వాడటం సరికాదు. తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి.

టీకాలు మాత్రం ముఖ్యం, కానీ ఇవాళ కాదు. జబ్బు అదుపులోకి వచ్చాక న్యుమోకాకల్ టీకాలు, ఏటా ఫ్లూ టీకా వేయించాలి. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు (బలహీనపరిచిన సజీవ వైరస్ ఉన్నవి) ఎక్కువ డోసు స్టెరాయిడ్ నడుస్తుండగా వేయకూడదు. ఎప్పుడన్నది మీ డాక్టర్ చెబుతారు. ఇంట్లో మిగతావాళ్ల టీకాలు పూర్తయ్యాయో లేదో కూడా చూసుకోండి. ఈలోగా బడిలో ఎవరికైనా ఆటలమ్మ వస్తే, బాబుకు పొక్కులు వచ్చేదాకా ఆగకుండా అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. దానికి ఇచ్చే రక్షణ ఇంజెక్షన్ తొలి నాలుగు రోజుల్లో బాగా పనిచేస్తుంది.

ఇంటికి వచ్చాక రోజూ పొద్దున తొలి మూత్రాన్ని ప్రొటీన్ పరీక్షించే స్ట్రిప్‌తో చూసి నోట్‌బుక్‌లో రాయండి. వరుసగా మూడు రోజులు ప్రొటీన్ 3 ప్లస్ లేదా అంతకంటే ఎక్కువ వస్తే జబ్బు తిరగబెట్టినట్టే. అలా వస్తే, లేదా అంతకుముందే ఉబ్బు కనిపిస్తే, ఆ నోట్‌బుక్ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.