పాస్తా ముద్ద గట్టిగా ఉండాలమ్మా

చిరంజీవి చిట్టితల్లికి,

నరసాపురం నుంచి మీ పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

ఆదివారం నువ్వు ఫోనులో చెప్పిన దగ్గర నుంచి నా మనసు అక్కడే ఉంది. పొద్దున్నంతా కూర్చుని చేత్తో పాస్తా చేస్తే, ఎసట్లో వేయగానే ఒకదానికొకటి అతుక్కుని జావలా అయిపోయిందన్నావు. పిల్లలు పళ్ళెం పక్కకు నెట్టేశారన్నావు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. ఈ ఉత్తరం వంటింట్లో పెట్టుకుని, చూస్తూ చేయి.

తప్పు ఎక్కడ జరిగిందో నువ్వు చెబుతుండగానే అర్థమైంది. పిండిని చపాతీ పిండిలా మెత్తగా కలిపావు. అది నీ తప్పు కాదు, మన చేతుల అలవాటు. మనది వరి పండే డెల్టా. బియ్యప్పిండిలో జిగురు ఉండదు కనుక వేడి నీళ్ళు పోసి దాన్ని ముద్ద చేస్తాం. విరిగిపోతుంటే ఇంకొంచెం నీళ్ళు చిలకరిస్తాం. గోధుమ అలా కాదు. దానిలోని మాంసకృత్తులు తడి తగలగానే ఒకదానితో ఒకటి పెనవేసుకుని వలలా అల్లుకుంటాయి. ఆ వలలో పిండి చిక్కుకుని ఉన్నంతసేపే పాస్తా మరుగుతున్న నీళ్ళలో నిలబడుతుంది. నీళ్ళు ఎక్కువైతే వల కళ్ళు వదులై పిండి జారిపోతుంది. ముద్ద గట్టిగా ఉండాలి. మొదట కలిపేటప్పుడు ‘ఇది కలవదు’ అని భయం వేసేంత గట్టిగా ఉండాలి.

ఈ పని మన దగ్గర ఎవరికీ తెలియదనుకోకు. తాపేశ్వరం మడత కాజా చేసేవాళ్ళ చేతులు చూడు. మైదా ముద్దను నాననిచ్చి, రేకుగా పలచగా ఒత్తి, మడతలు వేసి కోస్తారు. ఆ రేకు ఒత్తడం వచ్చినవాళ్ళకు పాస్తా సగం వచ్చినట్టే.

నేను నేర్చుకున్నది ఓడలో వంట చేసిన రోజుల్లో. మా సరుకు ఓడ ఇటలీ దక్షిణాన బారీ రేవుకు గోధుమలు తీసుకువెళ్ళేది. దిగుమతికి మూడు నాలుగు రోజులు పట్టేది. సెలవు దొరికితే పాత ఊళ్ళోకి నడిచేవాణ్ణి. అక్కడ ఇరుకు సందుల్లో ఆడవాళ్ళు ఇంటి ముందు బల్ల వేసుకుని ఒరెక్కియెత్తె అనే పాస్తా చేస్తుంటారు. ఆ మాటకు అర్థం చిన్న చెవులని. మన నరసాపురం పల్లెల్లో అరుగుల మీద లేసు అల్లే ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ, చేతి వంక చూడకుండానే కుట్టు మీద కుట్టు వేసుకుంటూ పోతారు చూడు, అచ్చం అలాగే. నేను మూడో రోజు కూడా వెళ్ళి నిలబడేసరికి ఒక ముసలావిడ నవ్వి, తన పక్కన పీట చూపించింది. మాట తెలియదు. నా వేలిని తన వేలితో పట్టుకుని నొక్కింది. అదే నాకు పాఠం.

మీ అత్తగారు గుడ్డు తినరు కనుక నీకు మొదట ఈ చెవులే చెబుతాను. ఇందులో రవ్వ, నీళ్ళు తప్ప మరేమీ ఉండవు. వాళ్ళు వాడేది దురుం అనే గట్టి గోధుమ రవ్వ, పసుపు రంగులో మెత్తగా ఉంటుంది. కొట్లో అమ్మే ఎండు పాస్తాను దురుంతోనే చేయాలని ఇటలీలో 1967లో చట్టమే చేశారు. మనకు దొరికే బొంబాయి రవ్వ చాలావరకు మామూలు గోధుమది, పలుకు కూడా పెద్దది. అందుకని 200 గ్రాముల రవ్వను మిక్సీలో వేసి, మెత్తగా అయ్యాక జల్లెడ పట్టు. దానికి 100 గ్రాముల మైదా కలుపు. గోరువెచ్చని నీళ్ళు 150 మిల్లీలీటర్లు కొలిచి పక్కన పెట్టుకో. అందులో 130 మాత్రమే పోసి కలపడం మొదలుపెట్టు. మిగతాది చెంచాతో, అవసరమైతేనే. చేతి అంచనాతో పోయవద్దు, కాటా వాడు. ఇప్పుడు శ్రావణం ముసురు. ఈ రోజుల్లో మన దగ్గర డబ్బాలోని పిండి కూడా గాలిలో తేమ పీల్చుకుని ఉంటుంది. 140 దగ్గరే సరిపోవచ్చు.

మొదట ముద్ద గరుకుగా, పగుళ్ళతో ఉంటుంది. కంగారుపడకు. అరచేతి మడమతో ముందుకు నెట్టు, సగానికి మడువు, పావు వంతు తిప్పు, మళ్ళీ నెట్టు. గడియారం చూసి పది నిమిషాలు. అయిదో నిమిషం దగ్గర చేయి నొప్పి పుట్టి నీళ్ళ గిన్నె వైపు చూపు పోతుంది. ఆ నిమిషాన్ని దాటించు తల్లీ, అక్కడే అంతా ఉంది. ఏడో నిమిషానికి ముద్ద నునుపు తేరుతుంది. అప్పుడు దాన్ని బోర్లించిన గిన్నె కింద పెట్టి అరగంట వదిలెయ్యి. తడిగుడ్డ కప్పకు, అదీ నీళ్ళే. అరగంట తరువాత వేలితో నొక్కి చూడు. మెత్తబడి, గుంట నెమ్మదిగా పైకి లేస్తుంది. ఒక్క చుక్క నీళ్ళు పోయకుండానే ఆ మెత్తదనం వచ్చింది. తడి లోపలి దాకా సమానంగా పాకడానికి, బిగుసుకున్న వల కాస్త సడలడానికి పట్టే సమయం అది.

ఇప్పుడు చెవులు. ముద్దలో కొంచెమే తీసుకుని మిగతాది మూసి ఉంచు. చెక్క పీట మీదే చేయి, గ్రానైటు బండ మీద వద్దు. బండ నున్నన, పిండి జారుతుంది. చెక్క గరుకు పాస్తాకు అంటుకుంటేనే తరువాత కూర దానికి పట్టుకుంటుంది. మన జంతికల కడ్డీలా, చిటికెన వేలు లావున పొడుగ్గా దొర్లించు. శనగగింజంత ముక్కలు కోయి. పదునులేని బల్ల కత్తి అంచును ఒక ముక్క మీద పెట్టి, గట్టిగా నొక్కుతూ నీ వైపు లాగు. ముక్క సాగి, కత్తి అంచు మీదుగా చుట్టుకుంటుంది. దాన్ని తీసి బొటనవేలి కొన మీద లోపలిది బయటికి వచ్చేలా తిప్పి తొడుగు. మధ్యలో పలచన, అంచున మందం, పైన గరుకు. అదే చెవి.

మొదటి యాభై వంకరగా వస్తాయి. నాకూ అలాగే వచ్చాయి, ఆ ముసలావిడ ఒక్కటి కూడా పారేయనివ్వలేదు. వంకరవి కూడా ఉడుకుతాయి, వాటి మడతల్లో కూర ఇంకా బాగా నిలుస్తుంది. అయిన వాటిని పొడి రవ్వ చల్లిన పళ్ళెంలో ఒక్క వరుసలో పరుచు. కుప్ప పోస్తే నీకు మొన్న జరిగినదే మళ్ళీ జరుగుతుంది.

ఉడికించడానికి పెద్ద గిన్నె తీసుకో. 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్ళు, లీటరుకు 10 గ్రాముల ఉప్పు. ఉప్పు నీళ్ళలోనే, ముద్దలో కాదు. ఎసరు గలగలా మరిగాక వేసి, ఒక్కసారి అడుగు నుంచి కలుపు. నూనె పోయకు, పోస్తే కూర జారిపోతుంది. చెవులు అయిదు ఆరు నిమిషాల్లో ఉడుకుతాయి. ఒకటి తీసి కొరికి చూడు. పంటికి కొంచెం అడ్డుపడాలి కానీ పచ్చి పిండి రుచి ఉండకూడదు. వార్చేటప్పుడు ఆ నీళ్ళు ఒక గ్లాసు దాచు. అది పాస్తా గంజి. మన పెద్దవాళ్ళు గంజిని ఎంత అపురూపంగా చూసుకునేవారో దీన్నీ అలాగే చూడు. నూనెనూ కూరనూ కలిపి చిక్కబరిచేది అదే. వార్చాక చన్నీళ్ళతో మాత్రం కడగకు.

బారీలో దీనికి జోడీ చీమె ది రాపా అనే కాస్త చేదైన ఆకుకూర. ఆవాల జాతిది. మనకు దానికి దగ్గర చుట్టం ముల్లంగి ఆకు. లేత ఆకు తరిగి, పాస్తాతోపాటు అదే ఎసట్లో వేసి ఉడికించు, వాళ్ళూ అలాగే చేస్తారు. పక్కన మూకుడులో ఆలివ్ నూనె, చితక్కొట్టిన వెల్లుల్లి, రెండు ఎండుమిరపకాయలు సన్నటి సెగ మీద వేయించు. రెండింటినీ కలిపి, గంజి రెండు గరిటెలు పోసి మూకుడు ఊపు. వాళ్ళు ఇందులో ఉప్పు చేపలు కూడా వేస్తారు, మీకు వద్దు.

పిల్లలకు, అబ్బాయికి గుడ్డు పాస్తా చేయదలిస్తే దానికి వేరే పీట, వేరే గిన్నె పెట్టు. అత్తగారి మనసు నొచ్చుకోకూడదు. అది నేను ఉత్తరాన రావెన్నా రేవులో చూశాను. వాళ్ళ లెక్క 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు. మన తణుకు వైపు ఫారాల గుడ్డు వాళ్ళ గుడ్డు కంటే చిన్నది, సుమారు 50 గ్రాములు తూగుతుంది. కనుక 200 గ్రాముల మైదాకు రెండు గుడ్లు, పైగా ఇంకో పచ్చసొన. నీళ్ళు అసలే వద్దు. పిసకడం, నాననివ్వడం పైన చెప్పినట్టే. రేకు కింద ఉత్తరం పెడితే అక్షరాల నీడ కనిపించేంత పలచగా ఒత్తి, పొడి పిండి చల్లి, వదులుగా చుట్టి కత్తితో కోసి వెంటనే విప్పు. బొలోనియా ఊరివాళ్ళు ఈ రిబ్బన్ వెడల్పు ఉడికాక 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో వాళ్ళ వాణిజ్య మండలిలో రాయించి పెట్టుకున్నారు. నువ్వు 7 దగ్గర కోస్తే ఉడికాక సరిపోతుంది. రెండు మూడు నిమిషాల ఉడుకు చాలు. మీ భీమవరం రొయ్యలు చిన్నవి తెచ్చి వెల్లుల్లితో వేయించి కలుపు. రొయ్యల మీద చీజు వేయకు, రొయ్య తీపి చచ్చిపోతుంది.

ఒక్క జాగ్రత్త మరిచిపోకు. గుడ్డు పాస్తాను దండెం మీద ఆరబెట్టి దాచుకునే బొమ్మలు చూసి ఉంటావు. మన గాలిలో అది ఆరదు, పులుస్తుంది. పచ్చి గుడ్డు ఉన్నది, పిల్లలు తినేది. ఆ పూటే వండు, లేదా ఫ్రీజర్‌లో విడివిడిగా గడ్డకట్టించి డబ్బాలో వేసి, కరిగించకుండా నేరుగా ఎసట్లో వేయి.

మీ నాన్న శనివారం భీమవరం వస్తున్నాడు. నీకోసం ఇక్కడ వడ్రంగి చేత టేకుతో కొత్త కర్ర చేయించాను, అతని చేతికి ఇస్తాను. రెండున్నర అడుగుల పొడవు. అప్పడాల కర్రతో ఇంత పెద్ద రేకు లేవదు. దాన్ని నీళ్ళలో నానబెట్టకు, పొడిగుడ్డతో తుడిచి నిలబెట్టి ఉంచు. ఈసారి ముద్ద నానుతున్న అరగంటలో నాకు ఫోను చేయి.

ఇట్లు,
మీ పెదనాన్న